మిలిట్రీ దేవేంద్రప్ప రాసిన అర్జీ

డిసెంబరులో ఒక ఉదయం వాకిట్లో ఫినాయిల్ నీళ్ళు చల్లడానికి బయటికి వచ్చిన దేవేంద్రప్పకు తన ఇంటి పక్కగోడ మీద పిడకలు కనిపించాయి. వరుసగా, ఒకదానికొకటి తగలకుండా, గోడ సగం ఎత్తు దాకా కొట్టి ఉన్నాయి. ప్రతి పిడక మీదా ఐదు వేళ్ళ అచ్చు. ఇంకా తడి ఆరలేదు. దసరాకు వేయించిన సున్నం మీద పేడనీళ్ళు చారలుగా కారి మురుగు మోరీలోకి దిగుతున్నాయి. ఆయన భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఇంట్లోకి కేకేశాడు.

"లింగమ్మా! తాపీ తీసుకరా!"

భార్య తాపీతో వచ్చి గోడను చూసి నవ్వింది.

"పక్కింటి పిల్ల భలే కొట్టింది. నాక్కూడా ఇంత గుండ్రంగా రావు."

"నవ్వుతావేమ్మే? మన గోడ అది."

"పిడకల ఊర్లో పుట్టినోనివి. నీకు పిడకలంటే రోతేమయ్యా?"

దేవేంద్రప్పది కైరుప్పల. ఉగాది అయిన మరునాడు ఊరు రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటుంది. ఆయన ఎడమ కనుబొమ మీది మచ్చ అక్కడిదే, పద్దెనిమిదో ఏట తగిలింది. మరుసటి ఏడు సైన్యంలో చేరాడు. ఆదోనిలో ఈ సందులో ఉన్నవాళ్ళు చాలామంది అది యుద్ధంలో తగిలిన దెబ్బ అనుకుంటారు. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇరవై నాలుగేళ్ళ నౌకరీలో ఆయన మనిషి మీద తుపాకీ పేల్చలేదు. కంచరగాడిదలు నడిపే దళంలో పనిచేశాడు. మంచుకొండల మీద వాటి కళ్ళెం పట్టుకొని గుండ్లూ కిరసనాయిలూ పైకి మోయించాడు, శవాలను కిందికి దింపించాడు. చలికాలం వాటి పక్కనే పడుకునేవాడు. పొద్దున్నే డెక్కల్లో ఇరుక్కున్న పెంట వేలితో తీసేవాడు. అప్పుడు ఎప్పుడూ రోత పుట్టలేదు. హవల్దారుగా దిగి ఇంటికి వచ్చాకే పుట్టింది. మనిషి ఉమ్మి, మనిషి మురికి, మనిషి తిని పారేసిన ఇస్తరి. "కంచరగాడిదను కడిగితే శుభ్రమైతాది, మనిషి కాడు" అనేవాడు. సందులో ఆయన పేరు మిలిట్రీ. ఆగస్టు పదిహేనున మునిసిపల్ బడివాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెడతారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "ఎంతమందిని సంపినావప్పా?" అని అడుగుతారు. ఆయన ఛాతీ మీది మెడళ్ళు సర్దుకొని, జెండా వైపు చూస్తాడు.

పక్క ఇల్లు శేషప్పది. ఆ ఇంటివాళ్ళు ఏటా కార్తీకం పోగానే సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోసి, ఉగాదికి తిరిగి వస్తారు. ఆదోని చుట్టూ పల్లెల్లోనూ ఈ శివారు సందుల్లోనూ ఆ మూడు నాలుగు నెలలు సగం ఇళ్ళకు తాళాలే. ఈసారి శేషప్ప తాళం వేయలేదు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుకు కూలీలను తెచ్చే మేస్త్రీ ఉరుకుందుకు ఇల్లు బాడుగకిచ్చి పోయాడు. ఉరుకుందు అందులో బీహారు నుంచి వచ్చిన తొమ్మిదిమందిని దించాడు. ఎనిమిదిమంది మగవాళ్ళు, ఒక ఆడమనిషి. రెండు గదులు.

దేవేంద్రప్ప మొదటి వారంలోనే వాళ్ళను అసహ్యించుకున్నాడు. ఆవనూనె వాసన పొద్దున ఏడింటికే కిటికీలోంచి వచ్చేది. అరుగు మీద కూర్చొని అరచేతిలో ఖైనీ పొగాకు నలిపి, పెదవి కింద పెట్టుకొని, మాట్లాడుతూ మాట్లాడుతూ పిచుక్కుమని మోరీలోకి ఉమ్మేవాళ్ళు. ఒక్కోసారి మోరీ తప్పేది. చేప తలలు అక్కడే. అంట్లు అక్కడే. పైగా రాత్రి పాళీ చేసి పొద్దున మిల్లు నుంచి వచ్చేటప్పుడు తలనిండా, కనురెప్పల నిండా దూదిపింజ మెత్తుకొని వచ్చేవాళ్ళు. అది రాలి ఆయన కడిగిన వాకిట్లో తడికి అంటుకుపోయేది. చీపురుతో పోదు. వేళ్ళతో ఒక్కొక్క పోగు తీసేవాడు, తిడుతూ.

ఇప్పుడు గోడ.

తాపీతో మొదటి పిడక గీకుతుండగా ఆ ఆడమనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నెత్తిన కొంగు, మోచేతుల దాకా పేడ. పేరు ఫూల్‌మతి అని లింగమ్మ అప్పటికే తెలుసుకుంది. ఆయన సైన్యంలో నేర్చిన హిందీలో అరిచాడు. అది ఆజ్ఞలకూ తిట్లకూ పనికొచ్చే హిందీ.

"ఈ గోడకే ఎండ బాగా పడుతుంది బాబా" అని ఆమె హిందీలోనే చెప్పింది. కట్టెలు కొనలేక వీధి ఆవుల పేడ ఎత్తుకొచ్చిందట.

"మీ ఊళ్ళో పక్కవాళ్ళ గోడ మీద కొడతారా?"

"కొడతాం బాబా. వాళ్ళూ మా గోడ మీద కొడతారు."

ఆయన గీకుతూ పోయాడు. ఆమె కింద కూర్చొని, పడిన పిడకలను పగలకుండా గంపలోకి ఎత్తుకుంది. ఎత్తుకుంటుంటే మోచెయ్యి ఆయన పాదానికి తగిలింది. దేవేంద్రప్ప వెనక్కి జరిగి, ఆమె చూస్తుండగానే పాదం మీద ఫినాయిల్ నీళ్ళు పోసుకున్నాడు. ఆమె తల దించుకొని మిగిలిన పిడకలు ఎత్తుకుంది.

ఆ మధ్యాహ్నం ఆయన మునిసిపాలిటీకి అర్జీ రాశాడు. సైన్యంలో హవల్దారుగా రిపోర్టులు రాసిన చెయ్యి. అంశాల వారీగా, గుండ్రటి అక్షరాలతో రెండు పేజీలు. రాసి లింగమ్మకు చదివి వినిపించాడు. ఆమెది ఎమ్మిగనూరు, నేతగాళ్ళ ఇల్లు. అయిదో తరగతితో బడి మానిపించి మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. శ్రద్ధగా విన్నది.

"'ఈ తొమ్మిదిమందికి ఏ పనీ పాటా లేదు. ఏ మిల్లులోనూ వీళ్ళు పని చేయడం నేను చూడలేదు. పగలంతా పడుకుంటారు, రాత్రంతా తిరుగుతారు. పై సంగతులన్నీ నా కళ్ళతో చూసినవి...'"

"ఆగాగు. మిల్లులో పనిచెయ్యరని రాసినావే?"

"మిల్లు పేరెత్తితే మునిసిపాలిటీవాళ్ళు ఈ సందుకే రారు. మిల్లోళ్ళ మనుషులులే అని ఊరుకుంటారు."

"అబద్ధం గదయ్యా?"

"అబద్ధం యాడుంది? మిల్లు లోపల నేను సూసినానా? గేటు దాకా పోయేది సూసినా. లోపలికి పోయి ఏం జేస్తారో నాకేం తెలుసు?"

"దూది మెత్తుకోని వస్తాండారని రోజూ తిట్టేది ఎవురు?"

దేవేంద్రప్ప కాగితం మడిచాడు. కింద సంతకం, సంతకం కింద దళం నంబరు, హవల్దారు, మాజీ సైనికుడు అని రాశాడు. జిరాక్సు తీసి తన ఫైలులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు మునిసిపాలిటీ మనిషి వచ్చి మోరీ వెంబడి బ్లీచింగు పొడి చల్లాడు. ఇంటిని బాడుగకు పట్టింది ఉరుకుందు కాబట్టి అర్జీ నకలు ఒకటి అతని చేతికిచ్చి, జనాన్ని తగ్గించమని చెప్పి పోయాడు. ఎవరూ తగ్గలేదు. ఆ తర్వాత ఆ ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే దేవేంద్రప్ప తువ్వాలు ముక్కుకు పెట్టుకొనే పోయాడు. వాళ్ళకు కనబడాలని కొంచెం ముందు నుంచే పెట్టుకునేవాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున మిల్లు నుంచి ఎనిమిదిమందే తిరిగొచ్చారు. స్నానాలు చేయలేదు. పొయ్యి వెలిగించలేదు. దూదితోనే అరుగు మీద కూర్చున్నారు. లింగమ్మ సైగలతో అడిగి, అర్థం కాక మొగుణ్ణి పిలిచింది.

"ఏమైందో అడుగు. ఆ పిల్ల లేదు."

ఆయన తన గడప దగ్గరే నిలబడి అడిగాడు. ఫూల్‌మతి మొగుడు మఖన్ లేచి నిలబడి చెప్పాడు. జిన్ను మిషను రోలరు దగ్గర పత్తి ఇరుక్కుంది. ఆపి తీయాలి. ఆపితే పక్క మిషన్లకు పత్తి అందక మేస్త్రీ తిడతాడు. అందుకని అందరూ నడుస్తున్న రోలరు లోంచే వేళ్ళతో లాగుతారు. రోజుకు పదిసార్లు లాగుతారు. అందరికీ అలవాటే. ఫూల్‌మతి కుడిచెయ్యి పోయింది.

"చెయ్యి మొత్తమా?"

"మూడు వేళ్ళు బాబా" అని మఖన్ తన చెయ్యి చాపి చూపించాడు. మధ్యవి మూడు.

నాలుగో రోజు ఆమెను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. కట్టు మోచేతి దాకా ఉంది. లింగమ్మ సంగటి ముద్ద, పప్పు పట్టుకొని వెళ్ళి, తిరిగొచ్చి గిన్నె కడిగింది.

"మా నాయనకు మగ్గం కాడ ఒక్క వేలు నలిగినాది. ఒక్కటంటే ఒక్కటి. ఆ ఏడు మా అక్క పెండ్లి నిలిచిపోయినాది" అంది.

పదో రోజుకు ఆ కిటికీలోంచి ఆవనూనె వాసన పోయి మందు వాసన, దాని కింద ఇంకొక వాసన రాసాగాయి. దేవేంద్రప్ప కిటికీ మూశాడు. మోరీలో పచ్చగా తడిసిన దూదిముక్కలు కనిపించాయి. అన్నం ముందు కూర్చొని లేచిపోయాడు.

"కట్టు మార్చిన గుడ్డలు మోరీలో ఎయ్యొద్దని సెప్పు ఆమెకు."

"ఆ పిల్ల చెయ్యి కుళ్తాంటే నీకు మోరీ గావాల్సి వచ్చెనా?" అంది లింగమ్మ. "నేను సెప్పను. నీకే గదా ఆ బాస వచ్చేది. నువ్వే పోయి సెప్పు."

ఆయన పోలేదు.

ఉగాది ఇంకా పది రోజులుందనగా ఉరుకుందు ద్రాక్షపండ్లు తీసుకొని వచ్చాడు. ఎప్పుడూ గేటు బయటి నుంచే మాట్లాడేవాడు, ఆ రోజు లోపలికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. నోట్లో తమలపాకు.

"మిలిట్రీ అన్నా, నీ పున్యాన గండం గడిచేటట్టుంది."

"ఏం గండమప్పా?"

"హమాలీ సంఘమోళ్ళు ఆ ఆడదాని పేరున లేబరు ఆఫీసులో కేసు ఏసినారు. పరిహారం గావాలంట. ఆమె మా కూలీ కాదని మిల్లువాళ్ళు రాసిచ్చినారు. హాజరు పుస్తకంలో పేరు లేదు, పనిలో పెట్టిందంతా నా నోటిమాట మీదే గదా. సాక్ష్యం ఏముందని ఆఫీసరమ్మ అడిగింది. నాకు నీ అర్జీ గుర్తొచ్చింది." జేబులోంచి తీసి మోకాలి మీద పరిచాడు. "ఏమి రాసినావన్నా! 'ఏ మిల్లులోనూ పని చేయడం నేను చూడలేదు.' తారీకు డిసెంబరుది. చెయ్యి పోయిందేమో ఫిబ్రవరిలో. దీన్ని కాదనేదానికి ఎవురికి నోరొస్తాది? కింద నంబరు, ర్యాంకు."

దేవేంద్రప్ప తన అక్షరాలను తలకిందులుగా చూశాడు.

"మరి ఆ చెయ్యి యాడ పోయిందంటారు?"

"ఇంట్లో ఏదో మిషనులో పెట్టుకున్యాది. అది మాకెందుకు? నువ్వు సోమవారం వచ్చి, ఇది నాదే అని ఒక్క మాట సెప్పు. మెడళ్ళు పెట్టుకోని రా. ఉగాదికల్లా అందరినీ రైలెక్కిస్తా. నీ గోడ నీకు, నీ మోరీ నీకు."

లేచి, గేటు దగ్గర ఆగి, ఎర్రగా మోరీలోకి ఉమ్మాడు. కొంత దేవేంద్రప్ప గోడకు పడింది. దేవేంద్రప్ప చూశాడు. ఏమీ అనలేదు. అనలేదన్న సంగతి ఉరుకుందు సందు మలుపు తిరిగాక తెలిసింది. లోపలి నుంచి లింగమ్మ అంతా విన్నది. ద్రాక్షపండ్లను తీసుకెళ్ళి వీధిలో ఆవు ముందు వేసింది.

శనివారం శేషప్ప సుగ్గి నుంచి వచ్చాడు. భార్యతో, మూటలతో, ఎర్రగా వాచిన అరచేతులతో. ఒంటి నుంచి మిరప ఘాటు వస్తుంటే దేవేంద్రప్ప రెండుసార్లు తుమ్మాడు. బీహారువాళ్ళు ఖాళీ చేసేదాకా సామాను ఇక్కడ పెట్టుకుంటానని శేషప్ప ఆయన వసారాలోనే దించాడు.

"ఈసారి శానా కష్టమాయనప్పా" అని నేల మీద కూర్చున్నాడు. "పొలం గట్టున పరదా కింద పండుకునేది. ఆ రైతు పెండ్లాం నీళ్ళు పైనుంచి పోస్తాది, దోసిలి పట్టాల. చెంబు ముట్టనియ్యదు. కర్నూలోళ్ళు వస్తే ఊరు గబ్బు లేస్తాదని మా మొగం మీదే అన్యాది."

కొంచెంసేపటికి లేచి, తన ఇంటి గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూశాడు. ఫూల్‌మతి గోడకు ఆనుకొని ఎడమచేత్తో పళ్ళెంలో అన్నం కలుపుతోంది. శేషప్ప ముక్కు మూసుకొని వెనక్కి వచ్చాడు.

"తూ! మనుషులేనా వీళ్ళు? ఇల్లంతా సున్నం కొట్టించాల."

"ఆడ నిన్ను గూడా ఇట్లనే అన్యారు గదా శేషప్పా?"

"అంటే? మనమూ ఈళ్ళూ ఒకటేనా మిలిట్రీ?"

దేవేంద్రప్పకు ఆ ముఖం చూడబుద్ధి కాలేదు. లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకోబోయాడు. అద్దంలో ముఖమూ చూడబుద్ధి కాలేదు. గుండీలు చూడకుండానే పెట్టుకున్నాడు.

సోమవారం మెడళ్ళ డబ్బా తీశాడు, మళ్ళీ బీరువాలో పెట్టాడు. లింగమ్మ చూస్తూనే ఉంది.

"ఏం సెప్తావు?"

"నా సంతకమే గదా. నాదే అని సెప్తా."

"ఆ తర్వాత?"

ఆయన చెప్పులేసుకున్నాడు.

లేబరు ఆఫీసులో ఒక్కటే గది. అధికారిణి గిరిజ బల్ల వెనుక కూర్చుంది. ఒక పక్క మిల్లు గుమాస్తా, ఉరుకుందు. ఇంకో పక్క సంఘం మనిషి, మఖన్, ఫూల్‌మతి. కట్టు విప్పేశారు. ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలూ చిటికెనవేలూ ఉన్నాయి. వాటి మధ్య చర్మం కుట్లతో మెరుస్తోంది. దేవేంద్రప్ప చూపు అక్కడికే పోయింది, తిప్పుకున్నాడు, మళ్ళీ పోయింది.

గిరిజ అర్జీని మొత్తం చదివింది.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే రాసినా మేడం."

ఉరుకుందు గుమాస్తా వైపు చూసి తలాడించాడు.

"ఇందులో రాసింది నిజమేనా?"

పైన ఫ్యాను రెక్క ఒకటి ఎక్కడో తగులుతూ తిరుగుతోంది. ఆయన అది విన్నాడు.

"కాదు మేడం."

"ఏమన్నా, వయసు మీద పడి మర్సినావా?" అని ఉరుకుందు నవ్వాడు. "మేడం, పెద్దాయనకు—"

"మర్సిపోలేదు. తెలిసే రాసినా. వీళ్ళు రోజూ సాయంత్రం ఆరున్నరకు మిల్లు గేట్లోకి పోతారు. ఈమె గూడా. పొద్దున దూది మెత్తుకోని వస్తారు. ఆ దూది నా వాకిట్లో పడుతుంది, నేను ఏరి పారేస్తాను. మూడు నెలలు ఏరినా."

"మరి ఎందుకు ఇలా రాశారు?"

"వీళ్ళను పంపించేస్తారని."

"ఎందుకు పంపించాలి?"

 అంశాల వారీగా రెండు పేజీలు రాసినవాడికి ఒక్క మాటే దొరికింది.

"రోత, మేడం."

గిరిజ ఆయన్ను చూసింది. మోరీలోకి చూసేటప్పుడు తాను చూసే చూపే అదని దేవేంద్రప్పకు తెలిసింది. "కింద మాజీ సైనికుడు అని కూడా రాశారు" అంది. తర్వాత అర్జీని ఆయన వైపు తోసింది. "వీళ్ళకు తెలుగు రాదు. ఇక్కడ ఏం జరుగుతోందో వీళ్ళకు తెలియాలి. మీకు హిందీ వచ్చు కదా? ఇది మొత్తం వాళ్ళకు చదివి చెప్పండి. ఇప్పుడు నాతో అన్నదీ చెప్పండి. అప్పుడే మీ వాంగ్మూలం రాసుకుంటాను."

దేవేంద్రప్ప ఇది అనుకోలేదు. తెలుగులో ఒప్పుకొని, తెలుగులో సంతకం పెట్టి, ఇంటికి పోవచ్చనుకున్నాడు.

చదివాడు. ఒక్కో వాక్యం తెలుగులో చూసి హిందీలో అన్నాడు. ఆయన హిందీలో మెత్తటి మాటలు లేవు. మురికివాళ్ళు, పనిలేని తిరుగుబోతులు. మఖన్ తల వంచుకున్నాడు. ఫూల్‌మతి వంచుకోలేదు. 'ఆ ఆడమనిషి పేడచేతులతో వీధి కొళాయి ముట్టుకుంటుంది, ఆ నీళ్ళు తాగాలంటే వాంతి వస్తుంది' అన్న చోటికి వచ్చి, దాన్ని దాటి కింది వాక్యానికి పోయాడు. గదిలో ఎవరికీ తెలియలేదు. కింది వాక్యం సగంలో ఆగాడు. వెనక్కి వచ్చి దాన్నీ చెప్పాడు. ఆ తర్వాత, మిల్లులో పనిచేయరన్నది అబద్ధమని తెలిసే, రోత పుట్టి రాశానన్నాడు.

"ఇది డిసెంబరులోనే రాశావా బాబా?" అని ఫూల్‌మతి అడిగింది.

"అవును."

"గోడ గీకిన రోజా?"

"ఆ రోజే."

ఆమె గిరిజ వైపు తిరిగింది.

గిరిజ రాసుకుంది, ఆయన సంతకం పెట్టాడు. ఈసారి సంతకం కింద ఏమీ రాయలేదు. మిల్లు గేటు దగ్గరి రిజిస్టర్లు తెమ్మని గుమాస్తాకు చెప్పి, విచారణ వచ్చే నెలకు వేసింది. అంతే. వరండాలో ఉరుకుందు ఎదురయ్యాడు.

"పేడ పిసికి మొగానికి పూసుకుంటివి గదన్నా. పిడకల ఊరోడని ఊరికే అన్యారా!"

దేవేంద్రప్ప బయటికి నడిచాడు. ఆఫీసు ముందు ఒక్కటే ఆటో ఉంది. వెనుక సీట్లో మఖన్, ఫూల్‌మతి అప్పటికే కూర్చున్నారు. వాళ్ళెదురుగా చెక్కపలక ఖాళీగా ఉంది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు దాదాపు తగులుతున్నాయి. మందు వాసన, ఆవనూనె వాసన, దాని కింద ఆ ఇంకొక వాసన.

ఫూల్‌మతి ఎడమచేత్తో కొంగు ముందుకు లాక్కొని, ముక్కు మీదుగా పెట్టుకుంది. తొందరగా పెట్టుకోలేదు, ఆయన చూసేలా పెట్టుకుంది. తర్వాత కాళ్ళు పక్కకు జరుపుకొని, బయటికి చూడసాగింది.

ఆయన చెయ్యి అలవాటుగా భుజం మీది తువ్వాలు దాకా పోయింది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యాడ దింపాలన్నా? ముగ్గురూ ఒకే సాటికేనా?" అని డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"ఒకే సందు" అన్నాడు దేవేంద్రప్ప.

సందు మలుపు వచ్చేదాకా ఆమె కొంగు దించలేదు.